నాలుగో అడుగు

చనిపోయిన భర్త వరండాలో నడిచి వస్తున్న చప్పుడు వినిపించి, సుచరిత కీబోర్డు మీది చేతులు వెనక్కి తీసుకుంది.

టక్. టక్. టక్. సర్ర్.

మూడడుగులు గట్టిగా, నాలుగో అడుగుకి ఎడమ బొటనవేలు నేలని రాసుకుంటూ. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడుతూ మురారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది కానీ, నాలుగడుగులకోసారి ఆ కాలు బద్ధకించేది. పెళ్ళయ్యాక ఏనాడూ ఆమె కాలింగ్ బెల్ మోగేదాకా ఆగలేదు. మెట్ల మీద ఆ సర్ర్ వినగానే తలుపు తీసేసేది.

మురారి పోయి రెండేళ్ళు దాటింది.

చప్పుడు దగ్గరైంది. సుచరిత లేచి గది తలుపు తెరిచింది.

వరండాలో మురారి లేడు. పొట్టిగా, దిట్టంగా, ముఖమంతా చెమటతో దాలినాయుడు ఉన్నాడు. విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ మాస్టారు. కిందటేడాది స్కూలు వార్షికోత్సవానికి పందిరి కడుతూ పైనించి జారి, వెన్నుపూస విరిగి, నడుం కింద చచ్చుబడిపోయిన మనిషి. ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తున్నాడు.

"మేడమ్!" అని అరిచాడాయన. "సూడండి మేడమ్! నడిసీస్తన్నాను!"

నర్సులు చప్పట్లు కొడుతున్నారు. ఆయన వెన్నుకి ఆపరేషన్ చేసిన డాక్టర్ నౌషాద్ ఒక చేత్తో ఫోనులో వీడియో తీస్తూ, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టలేదు. దాలినాయుడి భార్య వరాలు గోడకి ఆనుకుని, భర్త మొహం కాకుండా ఆయన కాళ్ళనే చూస్తోంది.

*

భీమిలి రోడ్డులో, సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న ఆ చిన్న ప్రయోగశాలని, దాన్ని ఆనుకున్న వార్డుని సుచరిత, మురారి కలిసి మొదలుపెట్టారు. వాళ్ళు కనిపెట్టినవి రెండే వస్తువులు. వెన్ను తెగినచోట అతికించే ఉల్లిపొర లాంటి పొర ఒకటి. నడుముకి కట్టుకునే అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి. మెదడు 'నడు' అంటే పొర వింటుంది. యంత్రం ఆ మాటని కాళ్ళకి చేరవేస్తుంది. వరాలు వచ్చిన రోజే ఆ యంత్రానికి తాయెత్తు అని పేరు పెట్టింది. అదే అందరికీ అలవాటైపోయింది.

"మరి ఈ తాయెత్తుకి నడక ఎవలు నేర్పుతారు మేడమ్?" అని దాలినాయుడు స్ట్రెచర్ మీంచే అడిగాడు.

సుచరిత తన గదిలోని పెద్ద కంప్యూటర్ని చూపించింది. చిన్న బీరువా అంత ఉంటుంది. లోపల ఫ్యాన్లు ఎప్పుడూ హోరుపెడుతుంటాయి. దాన్ని అందరూ పెద్దన్న అంటారు.

"తాయెత్తు చిన్నది మాస్టారూ. తన ప్రోగ్రాం తనే తయారుచేసుకునే ఓపిక దానికి లేదు. పెద్దన్న ఇక్కడ తయారుచేసి దాన్లోకి పంపిస్తాడు. క్రాస్ కంపైల్ అంటాం. ఇంట్లో వండి క్యారేజీలో మీ స్కూలుకి పంపేవారు కాదూ? అలా అన్నమాట."

"అయితే సిక్కే," అంది వరాలు. "నాను వొండితే నా నాలుక్కి సరిపడ్డ కారం ఏసీస్తాను. ఈయనకి అరగదు. తినీవోల కడుపు సూసి వొండాల గదా."

"సరిగ్గా అదే." సుచరిత నవ్వింది. "వండే ఇల్లు వేరు, తినే కడుపు వేరు. వండే ఇంటి సరుకు తెలియకుండా కలిసిందంటే పని చెడుతుంది."

ఆ మాట అన్న మనిషే ఇప్పుడు గదిలోకి తిరిగొచ్చి, తలుపు గడియపెట్టి, పెద్దన్న వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

నీలం రంగు డిస్కు ఒకటి అక్కడ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. మొదట్లో కొలవడానికి రోగులెవరూ రాక, మురారే ఒంటినిండా సెన్సార్లు కట్టుకుని నెలల తరబడి ఈ వరండాలో నడిచాడు. ఆ నడకంతా ఆ డిస్కులో ఉంది. ఇప్పుడు దానితో పనేమీ లేదు. తీసి అలమారలో పెట్టడానికి సుచరితకి చెయ్యి రాలేదంతే.

డిస్కు ఊడదీసింది. దాలినాయుడి ప్రోగ్రాంని మొదటినించి మళ్ళీ కంపైల్ చెయ్యమంది. పెద్దన్న ఎముకల కొలతలు తీసుకున్నాడు. కండరాల బలం తీసుకున్నాడు. ఫ్యాన్లు హోరెత్తాయి. ఉన్నట్టుండి అన్నీ నెమ్మదించి, తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి.

నడక దొరకలేదు.

దాలినాయుడు ఈ గుట్టకి పడుకునే వచ్చాడు. ఆయన ఎముకలు కొలిచారు, కండలు కొలిచారు, బరువు తూచారు. నడిచే రోజుల్లో ఆ మనిషి ఎలా నడిచేవాడో ఒక్కరూ అడగలేదు. అడగాలని తట్టలేదు. వీళ్ళకి తెలిసిన మొదటి 'రోగి' పొద్దస్తమానం కళ్ళముందే తిరుగుతూ ఉండేవాడు మరి. ఖాళీ కనబడేసరికి పెద్దన్న నోరెత్తకుండా పక్కనున్న డిస్కులోంచి మురారి నడక తెచ్చి దాన్లో నింపేశాడు.

విషయం అర్థమైంది. ఇక చెయ్యవలసింది నౌషాద్‌ని పిలవడం.

సుచరిత డిస్కుని మళ్ళీ దాని చోట తగిలించింది.

*

మర్నాడు శుక్రవారం.

"ఇంకోసారి మాస్టారూ, ఆ చివరిదాకా," అంది సుచరిత.

"ఒకసారేటి మేడమ్, పదిసార్లు!"

ఆయన నడిచాడు. ఆమె కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంది. సముద్రపు గాలి వీస్తోంది. బీచ్ రోడ్డు మీద సాయంత్రాలు మురారి పక్కన అడుగు కలిపి నడిచిన ఏళ్ళన్నీ ఆ వరండాలో వెనక్కీ ముందుకీ తిరిగాయి. టక్. టక్. టక్. సర్ర్.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వరాలు నిలబడి ఉంది.

"ఆ నడక మీకు తెలిసినోలదే గదమ్మా?"

సుచరిత తడబడింది. "మీకెలా తెలుసు?"

"తెలీకపోడమేటి." వరాలు ఆ సంగతి అక్కడితో వదిలేసింది. "మా ఆయన మట్టుకు ఇలగ నడవడు. తెల్లారి ఈయన బాత్రూముకి లేస్తే, ఎవలో దొంగోడు గదిలోకి దూరీసినాడని ఫ్లాస్కు ఎత్తీసినాను. కొంచెంలో నెత్తి పగిలిపోయీది."

"నడుస్తున్నారు కదా వరాలుగారూ. అది చాలదా?"

"సాల్తాదేమో. కాల్లు ఆయనవి, నడిసీవోడు ఇంకోడు. నాకు బయ్యంగుంది."

ఆ మధ్యాహ్నం నౌషాద్ సెన్సార్ల గ్రాఫు ఒకటి పట్టుకుని గదిలోకొచ్చాడు. "మేడమ్, కుడి తుంటి మీద లోడు చూడండి. ఈయన అంగ ఇంత పొడుగేంటి? ఆరడుగుల మనిషిలా వేస్తున్నాడు. ఇలాగే ఉంటే తుంటి ఆరునెలలు కూడా ఆగదు."

ఇక దాచలేక సుచరిత చెప్పేసింది. నౌషాద్ గ్రాఫుని బల్ల మీద బోర్లించాడు. అతనూ మురారితో కలిసి పనిచేసినవాడే.

"తుడిచేస్తే కాళ్ళు మళ్ళీ చచ్చుబడతాయి," అన్నాడు. "ఆదివారం సాయంత్రానికి నరాలు పొరలోకి పూర్తిగా పాకేస్తాయి. అప్పటికి తాయెత్తులో ఏ నడక ఉంటే నరాలు దానికే అలవాటుపడతాయి, ఈ జన్మకి అదే. ఏ నడకా లేకపోతే, ఏమీ లేదు. ఎక్కించడానికి ఆయన నడక మన దగ్గరుందా?"

"లేదు."

"మరి నడుస్తున్న మనిషిని ఏ ధైర్యంతో పడుకోబెడతాం? అంగ తగ్గించి చూడండి."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు సుచరిత తల ఊపింది. అంగ నాలుగో వంతు కత్తిరించింది. తక్కినదంతా అలాగే ఉంచింది. నాలుగో అడుగుతో సహా.

*

శనివారం పొద్దున్న దాలినాయుడు మెట్లు దిగబోయాడు.

నాలుగే మెట్లు. కింద తోటలో వరాలు బట్టలు ఆరేస్తోంది. "సూడవే, దిగొచ్చీస్తన్నాను!" అని అరుస్తూ కాలు వేశాడు. ఆ కాలు పొడుగాటి మనిషి మోకాలి ఎత్తుని లెక్కవేసుకుని మెట్టుని దాటి గాల్లోకి వెళ్ళిపోయింది. సుచరిత కిటికీలోంచి చూస్తుండగానే ఆయన బోర్లా పడ్డాడు.

తుంటి విరగలేదు. వాచింది. పెదవి చిట్లింది. మంచం మీద పడుకోబెట్టి నౌషాద్ కుట్లు వేస్తుంటే సుచరిత తలుపు దగ్గర నిలబడి అంతా చెప్పింది. మురారి ఎవరో, డిస్కు ఏమిటో, గురువారం నాడే తనకి తెలిసినా ఎందుకు ఊరుకుందో. అంగ కత్తిరించిన మనిషి ఆ నడకని మొత్తంగా ఎందుకు తీసెయ్యలేకపోయిందో కూడా చెప్పింది.

వరాలు మొహం ఎర్రబడింది. "మీ ఆయన అడుగు ఇనడానికి మా ఆయన నడుం ఇరగ్గొడతారేటమ్మా?"



"ఊరుకోవే," అన్నాడు దాలినాయుడు వాచిన పెదవితో. "ఎవల నడకైతే నాకేటి? ఏడాదిపైన మంచం మీద ఉన్నాను. నువ్వే ఎత్తేవు, నువ్వే తుడిసేవు. ఇప్పుడు నా కాల్ల మీద నానున్నాను. మల్లీ మంచం ఎక్కమంటే ఎక్కను. అంతే."

"ఎక్కకపోతే తుంటి ఇరిగినాక ఎక్కుతారు మాస్టారూ," అంది వరాలు. " అప్పుడు దిగీది ఉండదు."

"ఈ ఉన్న నడకా పోతే? కొత్తది రాకపోతే?"

"రాకపోతే నానున్నాను గదా. ఇన్నాల్లూ మొయ్యలేదేటి?" వరాలు ఆయన కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. "కాపోతే బరువు తగ్గాల. ఆస్పత్రి కూడు తిని మరీ పెరిగిపోనారు."

ఆయన గోడకేసి తిరిగాడు. అటు తిరిగే అడిగాడు. "ఆరడుగులాయనా, మీయాయన?"

"ఆరు దాటి ఒక అంగుళం," అంది సుచరిత.

"అందుకే మెట్టు కాడ కాలు ఆకాశంలోకి ఎల్లిపోనాది." ఇటు తిరిగాడు. "తుడిసీయండి మేడమ్. గాని నా నడక ఎక్కడ తెస్తారు?"

*

అదే ప్రశ్న శనివారమంతా ప్రయోగశాలని పరుగులు పెట్టించింది. నౌషాద్ స్కూలు హెడ్మాస్టరుకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి వీడియోలు వచ్చాయి. ఆగస్టు పదిహేను మార్చ్‌పాస్టు, ముందు దాలినాయుడు, ఛాతీ విరుచుకుని.

వరాలు ఒక్కటి చూసి ఫోను పక్కన పెట్టేసింది. "ఇది పెరేడమ్మా. నడక కాదు. జెండా కనబడితే పొట్ట లోనికి లాగీసి కర్రలాగ అయిపోతాడు. ఇది పెట్టీస్తే కూరల బజారుకి కూడా సెల్యూట్ కొట్టుకుంటూ ఎల్తాడు."

"మరి మామూలుగా ఎలా నడుస్తారు?"

వరాలు భర్త వంక చూసింది. దాలినాయుడికి సంగతి అర్థమైపోయింది. "ఒలే, వొద్దు. డాక్టరుగారున్నారు."

వరాలు అప్పటికే కొంగు బొడ్లో దోపింది. పాదాలు రెండూ బయటికి తిప్పి, మడమలు ముందు దించుతూ, అడుగుకో భుజం ఎగరేస్తూ, లేని పొట్టని ముందుకి తోసుకుంటూ వార్డు ఆ చివర్నించి ఈ చివరికి వచ్చింది. మధ్యలో ఒకచోట ఆగి, కుడికాలు దులిపి, మళ్ళీ బయల్దేరింది. నర్సులు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"సూసినారా మేడమ్?" దాలినాయుడు మొత్తుకున్నాడు. "పెల్లిల్లల్లో దీన్ని ఇదే సెయ్యమంటారు. మా బామ్మర్దులు ఈలలు! ఇరవై ఏల్లనించి నా పరువు తీస్తంది. మా హెడ్మాస్టర్ని సేస్తాది, పోస్టుమేన్ని సేస్తాది, కనబడినోల్లందర్నీ సేసీస్తాది."

సుచరిత నవ్వలేదు. అలమారలోంచి సెన్సార్ల పట్టీలు తెచ్చి వరాలు ముందు కింద కూర్చుంది. "కాలు ఇలా ఇవ్వండి."

"మేడమ్," నౌషాద్ ఆపాడు. "ఆవిడ ఒళ్ళు వేరు, ఆయన ఒళ్ళు వేరు. మళ్ళీ అదే తప్పు చేస్తున్నామా?"

"అప్పుడు ఎవరిదో తెలియకుండా కలిసింది. ఇప్పుడు తెలిసి, కావలసింది మాత్రమే తీసుకుంటాను. ఎముక ఆయనది, కండ ఆయనది, అంగ ఆయన ఎత్తుకి తగ్గది. ఆవిడ దగ్గర్నించి అడుగుల తాళం ఒక్కటే." పట్టీ బిగించి తలెత్తింది. "వరాలుగారూ, ఎక్కువ చెయ్యకండి. ఆయన ఎలా నడుస్తారో సరిగ్గా అలాగే."

"ఎక్కువేటమ్మా," అంది వరాలు నొచ్చుకున్నట్టు. "ఉన్నది ఉన్నట్టే."

*

ఆదివారం పొద్దున్న పెద్దన్న వెనక మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది సుచరిత. డిస్కు తగిలే ఉంటే, ఏ చిన్న ఖాళీ కనబడినా పెద్దన్న మళ్ళీ దాన్లోకి చెయ్యి పెడతాడు. ఊడదీసింది. ఈసారి తువ్వాల్లో చుట్టి అలమారలో పెట్టి తాళం వేసింది.

కంపైల్ మొదలైంది. ఎముకలు. కండరాలు. ఫ్యాన్ల హోరు. మొన్న ఎర్రటి అక్షరాలు పడ్డచోటికి వచ్చేసరికి ఆమె తెరకి దగ్గరగా వంగింది. తెర ఒక్క క్షణం తటపటాయించింది. దాటిపోయింది.

వార్డులో దాలినాయుడు రెండు కర్రల మధ్య నిలబడి ఉన్నాడు. సుచరిత తాయెత్తుకి తీగ తగిలించి, పాత ప్రోగ్రాం తుడిచింది. ఆయన మోకాళ్ళు మడతపడ్డాయి. నౌషాద్, వరాలు చెరో చంక కింద పట్టుకున్నారు.

"పోనాయి," అన్నాడాయన. మొహం తెల్లబడింది. "వరాలూ, కాల్లు పోనాయే."

"ఎక్కడికెల్తాయి? కిందే ఉన్నాయి."

కొత్తది ఎక్కింది. తాయెత్తు మీద పచ్చ దీపం వెలిగింది. దాలినాయుడు పళ్ళు బిగించాడు. కాళ్ళు కదల్లేదు.

మధ్యాహ్నమైంది. కూర్చోబెట్టి, లేవనెత్తి, మళ్ళీ చూశారు. కదల్లేదు. నౌషాద్ నరాల కదలిక చూపించే తెర చూసి తల అడ్డంగా ఊపాడు. "సిగ్నల్ వెళ్ళే దారి బాగానే ఉంది. అక్కడ నడక కూడా ఉంది. ఈయన మెదడే మొదలుపెట్టడం లేదు. భయపడిపోయింది." కిటికీలోంచి ఎండ వాలడం అందరికీ కనబడుతోంది. ఎవరూ గడియారం వంక చూడటం లేదు.

వరాలు భర్త ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏటి మాస్టారూ? ఊల్లో పిల్లలందరికీ ఈల ఊది పరిగెట్టించీ మనిషి. మీ కాల్లకి ఊదితే ఇనవేటి?"

దాలినాయుడు ఆమె వంక కోపంగా చూశాడు. తర్వాత ఆ చూపు మారింది. చొక్కా లోపల చెయ్యి పెట్టి, ఏడాదిగా మెడలోంచి తియ్యని ఇత్తడి ఈల బయటికి లాగాడు. నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి, గోడలు అదిరేలా ఊదాడు.

కుడి మడమ లేచింది.

ముందుకి పడింది. ఎడమది దాని వెనకే వచ్చింది. పాదాలు రెండూ బయటికి తిరిగి, అడుగుకో భుజం ఎగురుతూ, పొట్టని ముందు తోసుకుంటూ దాలినాయుడు వార్డు దాటాడు, వరండాలోకి వెళ్ళాడు, మధ్యలో ఆగి కుడికాలు దులిపి మళ్ళీ బయల్దేరాడు. తుంటి మీద లోడు చూపించే గీత పచ్చగానే ఉంది. నౌషాద్ కుర్చీలో కూలబడ్డాడు.

చివరిదాకా వెళ్ళి, తలుపు అద్దంలో తనని తాను చూసుకుని దాలినాయుడు వెనక్కి తిరిగాడు.

"ఒలే! నానిలగ నడస్తానేటే?"

"ఇంకా తగ్గించీ సేసినాను," అంది వరాలు. కొంగుతో మొహం కప్పుకుని అప్పుడు ఏడ్చింది.

*

వాళ్ళు ఇంటికి వెళ్ళే రోజు వార్డులో నవ్వులు. వరాలు నర్సులకి ఒక్కొక్కరినీ చేసి చూపిస్తోంది. మునివేళ్ళ మీద నడిచే నౌషాద్. చెప్పులు ఈడ్చే హెడ్ సిస్టర్. క్యాంటీన్ నించి రెండు చేతుల్లో టీ గ్లాసులతో వచ్చే మనిషి.

సుచరిత గుమ్మంలో నిలబడి చూస్తోంది. వరండాలో దాలినాయుడి అడుగులు వినబడుతున్నాయి. ఆ అడుగుల్లో ఇక మురారి ఎక్కడా లేడు. ప్రతి నాలుగో అడుగు దగ్గరా ఆమె చెవి ఇంకా ఆగుతోంది. ఏమీ దొరక్క ముందుకి సాగుతోంది.

"నన్ను చెయ్యలేదేం వరాలుగారూ?" అంది.

నవ్వులు తగ్గాయి. వరాలు కొంచెం జంకింది. "మిమ్మల్ని నానొచ్చిన రోజే పట్టీసినానమ్మా. కోపం రాదు గదా?"

"రాదు. చెయ్యండి."

వరాలు చేతులు కట్టుకుంది. మెడ నిటారుగా పెట్టి, కళ్ళు నేల మీద ఉంచి, ఏదో లెక్క వేసుకుంటున్న మనిషిలా గబగబా నడిచి సుచరిత ముందుకొచ్చింది.

టక్. టక్. టక్. సర్ర్.

సుచరిత గుమ్మం పట్టుకుంది. "చివర్న అదేంటి?"

"మీరు నడిసీదే అమ్మా. నాలుగడుగులకోపాలి ఎడంకాలు రాసుకుంటాది. మీరెప్పుడూ ఇన్లేదేటి?" వరాలు మెల్లగా అంది. "అందుకే గదా ఆరోజు అడిగినాను, ఆ నడక మీకు తెలిసినోలదేనా అని."

బయట కారు హారన్ మోగింది. దాలినాయుడు మెట్ల దగ్గర్నించి "వరాలూ, టైమైపోతంది!" అని అరిచి, జవాబు రాకపోయేసరికి ఈల ఊదాడు. అందరూ ఆయన్ని సాగనంపడానికి పరిగెత్తారు. నాలుగు మెట్లూ ఒక్కొక్కటే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాడాయన.

కారు గుట్ట దిగి మలుపు తిరిగేదాకా చూసి, సుచరిత ఒక్కతే వరండాలోకి వచ్చింది. ఆ చివర తన గదిలో పెద్దన్న హోరుపెడుతున్నాడు. ఇంకొకావిడ స్ట్రెచర్ మీద రేపు వస్తుంది. ఈసారి మొట్టమొదట ఆవిడ నడక సంగతి అడగాలి.

సుచరిత నడిచింది. ఎప్పటిలా గబగబా కాదు. వింటూ నడిచింది.